నిండు పెదవి

"కండరం దాకా ఎందుకు సార్? పైపైన చర్మం కుట్టేస్తే సరిపోదూ?" నర్సు దారం అందిస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"సరిపోదు," అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

బల్ల మీద పసివాడు. పుట్టుకతోనే గ్రహణమొర్రి. పైపెదవి ఎడమపక్క చీలి, ఆ చీలిక ముక్కుపుటం దాకా పాకింది. మామూలుగా తల్లుల్ని ఈ గదిలోకి రానివ్వరు. ఈమె మాత్రం "నేను కదలను" అని తెగేసి చెప్పింది. డాక్టరే స్టూలు లాగి వేశాడు.

ఇంతకుముందు ఒకసారి బరువు చాలదని, ఇంకోసారి జలుబు తగ్గాలని తిప్పి పంపింది ఆయనే. ఈసారి బరువు తూచమనలేదు.

"ఆ సిరా చుక్కలేంటండీ?" తల్లి అడిగింది.

"గుర్తులమ్మా. ముక్కు కింద ఈ గాడి చూడు. దానికి అటో గట్టు, ఇటో గట్టు. ఆ గట్లు దిగేచోట పెదవి విల్లులా వంపు తిరుగుతుంది. మీవాడికి ఇటు వంపు బాగానే ఉంది. అటుది చీలికతో పాటు పైకి పోయింది. కిందికి దింపాలి. చర్మమూ ఎరుపూ కలిసే అంచున సన్నటి తెల్లగీత ఉందే, అది వెంట్రుకవాసి తప్పినా జన్మంతా..."

ఆయన ఆగాడు.

"తప్పకూడదు," అని ముగించాడు.

"మరి కండరమో?"

"నోటి చుట్టూ ఉంగరంలా ఉండాలి. మొర్రి దగ్గర తెగి ముక్కువైపు ఎగబాకుతుంది. దాన్ని మళ్లించి అవతలి దానితో కలిపితేనే పెదవి నిండుగా వస్తుంది. లేకపోతే గుంట పడుతుంది."

"అయితే కలపండి. తొందరేం లేదు."

సూది ఆడుతోంది. తల్లి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది:

"పాలు పడితే సగం బయటికే కారిపోయేవి. చెంచాతో చుక్క చుక్కా పోసేదాన్ని. ఎవరైనా వస్తే చాలు, మా అత్తగారు మొహం మీద గుడ్డ కప్పేసేవారు. చలిగాలట! నడి ఎండాకాలంలో ఏం చలండీ?"

నర్సు మొహం తిప్పుకుంది.

"నొప్పి తెలీదుగా డాక్టరుగారూ?"

"తెలీదమ్మా."

చివరి కుట్టు పడింది. డాక్టరు దారం కత్తిరించి, సిరా చుక్కలను తడిదూదితో తుడిచాడు. విల్లు వంపు రెండుపక్కలా సమంగా దిగింది. తెల్లగీత ఎక్కడా తెగలేదు.

తల్లి వంగి, వేలికొసతో ఆ పెదవి మీద ఇటు నుంచి అటు మెల్లగా రాసింది.

"అచ్చం వాళ్ల నాన్న నోరే," అంది. "ఇన్నాళ్లూ తెలీనేలేదు."

బిడ్డను ఎత్తి గుండెకు అదుముకుంది. డాక్టరు గోడవైపు తిరిగి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

నర్సు తలుపు ఓరగా తీసి చూసింది. "మీ ఆయనొచ్చారమ్మా."

అతను శ్మశానంలో గొయ్యి తవ్వించి వచ్చాడు.