మిమిక్రీ పెట్టె

ముందుగదిలో సోఫా లేదు. దాని చోట నడుమెత్తు స్పీకర్ పెట్టె ఒకటి నిలబడి ఉంది.

సోఫా పడకగదిలోకి వెళ్లింది. మంచం గోడకు జరిగింది. నేను వంటగదిలోకి జరిగాను. మా ఇంట్లో గిటార్‌కి చోటివ్వడమంటే ఇదే.

"ఇటు రా. ఒకసారి విని చెప్పు," అన్నారు మా ఆయన.

గరిట పట్టుకునే వచ్చాను. పెళ్లయినప్పటినుంచి ఆయన నన్ను ఈ మాట అడిగింది లేదు. నేను ఏ పాటైనా బాగుందంటే చాలు, "గాడిదకేం తెలుసు గంధం వాసన" అని నవ్వే మనిషి.

ఇవాళ నవ్వలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆయన కాళ్ల దగ్గర చెప్పుల డబ్బా అంత యంత్రం ఉంది. పేరున్న గిటార్ యాంప్, అదే శబ్దం పెంచే పెట్టె, ఏదైనా సరే, దాని గొంతు అచ్చం దించేస్తుంది. నేను దాన్ని మిమిక్రీ పెట్టె అంటాను. ఎన్ని గొంతులొస్తే ఏం, దానికి నోరు లేదు. స్పీకర్ తగిలిస్తేనే మాట్లాడుతుంది.

ఆ నోటి కోసమే ఇంట్లో ఇంత యుద్ధం.

మొన్నటి పెద్ద జ్వరం నుంచి లేచాక, ఆయన సౌండ్ పాతలా లేదని ఆయన గిటార్ వాయించే బ్యాండ్‌లో వాళ్లే అన్నారు. చెవులు కోసేస్తోందట. "ఇంట్లో తీరిగ్గా ఒక ముక్క వాయించి, రికార్డ్ చేసి పంపు. నీ సౌండ్ తిరిగొస్తే నీ చోటు నీదే," అన్నాడు వాళ్ల పాటగాడు. తిరిగి రాకపోతే ఏమిటో అనలేదు. రేపు పంపాలి.

చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్దామని బతిమాలాను.

"రోగం స్పీకర్లది. నా చెవులకేం?"

నిన్న చిన్న స్పీకర్ల జత తెచ్చారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వెనక్కి పంపేశారు. దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుందట. ఇవాళ ఈ పెద్ద గిటార్ స్పీకర్ వచ్చింది.

వాయించారు.

నాకూ దుప్పటే వినిపించింది. మందపాటి చలికాలం దుప్పటి.

"మొహమాటం లేకుండా చెప్పు. ఎలా ఉంది?"

"గొంతు పూడుకుపోయినట్టుంది."

"నిజంగా? నీకూ అలాగే ఉందా?"

"నిజంగానే అండీ. నా మీద ఒట్టు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరికీ ఒకేలా వినిపిస్తోందంటే తప్పు చెవులది కాదు. గాడిదకైనా ఆ మాత్రం తెలుస్తుంది.

గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ పిట్టలా కిచకిచలాడింది. ఆయన తల తిప్పలేదు. తీగలు సవరించుకుంటున్నారు కదా అనుకుని నేనే వెళ్లి తలుపు తీశాను.

స్పీకర్ల షాపతను. మా ఆయనే ఇందాక ఫోన్ చేసి రప్పించారు.

"ఇదీ నచ్చలేదా అన్నా? నిన్నటి జతకి వంక పెట్టినవాడివి నువ్వొక్కడివే."

అతను యంత్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏవో బొత్తాలు నొక్కి చూసి, తల కొట్టుకున్నాడు.

"అన్నా, ఇది యాంప్ గొంతే కాదు, స్పీకర్ గొంతు కూడా దించుతోంది! నిన్నటి చిన్నవాటికైతే అది ఉండాల్సిందే. ఇదేమో అసలైన గిటార్ స్పీకరాయె. దుప్పటి మీద దుప్పటి కప్పావు. ఈ ఒక్కటి ఆపితే సరి."

మా ఆయన నోరు తెరిచారు. తర్వాత పగలబడి నవ్వారు.

"చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికాను చూడు!"

ముగ్గురం నవ్వాం. జ్వరం తర్వాత మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

"అయితే మరి నిన్నటి జత ఎందుకు..." అని ఏదో అనబోయి షాపతను ఆగాడు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోదలచుకోలేదు.

"ట్రెబుల్ ఇంత పైకి పెట్టేశావేంటన్నా?" అన్నాడు, సన్న శబ్దాలకు పదునెక్కించే మర చూపిస్తూ.

"ఆ దుప్పటి చిరుగుతుందేమోనని. ముందు నువ్వు నొక్కు."

ఆయన కళ్లు మూసుకుని వాయించడం మొదలుపెట్టారు.

షాపతను నొక్కాడు.

రేకు మీద మేకుతో గీసినట్టు లేచింది శబ్దం. నా పళ్లు జివ్వుమన్నాయి. షాపతను అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

మా ఆయన వాయిస్తూనే ఉన్నారు. ముక్కంతా పూర్తిచేశారు. ఒక్క తప్పు లేకుండా, ఎంతో ఇష్టంగా.

"ఊఁ, ఇక నొక్కు," అన్నారు కళ్లు తెరవకుండానే.

షాపతను నా వైపు చూశాడు.

కళ్లు తెరిచారు. ముందు బొత్తాం వైపు చూశారు. దాని దీపం అప్పటికే ఆరిపోయి ఉంది. తర్వాత నా వైపు చూశారు.

గరిట ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు. నా రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయని ఆయన చూపు చూశాకే తెలిసింది.

చేతులు దించాను.  గరిట తీసి పక్కన పెట్టాను.

షాపతను చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. స్పీకర్ సంగతి అడగలేదు.

 ఆయన యంత్రాన్ని దగ్గరికి లాక్కుని ట్రెబుల్ మర మీద వేళ్లు పెట్టారు.

"ఇలా వచ్చి కూర్చో," అన్నారు. "ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు."

ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆయన ఒక చేత్తో తీగ మీటుతూ, ఇంకో చేత్తో కొంచెం తిప్పి, నా మొహంలోకి చూశారు.

"ఇంకా తగ్గించండి."

ఇంకాస్త తిప్పారు.

"ఇంకా," అన్నాను.