నలభై ఏళ్ల బోర్డు

"కొత్త బోర్డులా కనబడకూడదు పెయింటరు గారూ" అన్నాడు కాలేజీ ఓనరు. "నలభై ఏళ్లు ఎండకీ వానకీ తట్టుకున్నట్టుండాలి. పేరు పాతదైతేనే పిల్లలు ఎగబడతారు."

ఆ కాలేజీ గోడలకి వేసిన సున్నమే ఇంకా ఆరలేదు. నాకెందుకులే అనుకున్నాను. పేరు రాసి, గరుకు కాగితంతో రుద్ది, టీ నీళ్లు పూశాను. మేకుల కింద తుప్పు చారలు దించాను. ఓనరు నా చేతులు పట్టుకుని "బంగారం!" అన్నాడు.

వారం తిరక్కుండా మనవరాలు ఫోనులో ఫోటో చూపించింది. ఆ బోర్డు కింద నిలబడి నవ్వుతోంది.

"ఇందులో చేరిపోయా తాతయ్యా. పక్కవీధి కాలేజీలో వచ్చిన సీటు వదిలేశా. మేష్టార్లు మంచివాళ్లేగానీ, పెట్టి మూడేళ్లేనట. దాని పేరెవరు విన్నారు?"

"ఆ సీటు మళ్లీ ఇస్తారేమో అడుగుదామా తల్లీ?"

"అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారు. అయినా నన్ను మోసం చెయ్యడం ఎవడి తరం? బోర్డు వయసు అక్షరాల్లో కాదు, మేకుల కింద చూడమని చిన్నప్పుడు నువ్వేగా నేర్పావు! అందరూ పేరు చూసి చేరారు. నేను తుప్పు చూసి చేరాను."

"మంచిపని చేశావమ్మా" అన్నాను.