జానెడు ఎడం

"ఇదుగో, ఇక్కడ కాయ. ఇక్కడ ఆయన మెడ," అంది జయమణి.

చర్చి వెనక పెరట్లో చింతమొద్దు. దాని మీద ఒక పక్కన బూడిదగుమ్మడికాయ పెట్టింది. ఇంకో పక్కన అరటిబోదె ముక్క ఆనించింది. రెంటికీ మధ్య జానపెట్టి కొలిచింది. తర్వాత చంకలోంచి తెల్లటి కండువా తీసి, మడత విప్పి, అరటిబోదెకి చుట్టింది.

ఏసురత్నానికి ఒళ్ళు జలదరించింది. అది సొలొమోను కండువా.

"వేరే గుడ్డేం లేదా చెల్లెమ్మా?"

"ఆయన మెడకి ఆయన గుడ్డే ఉండాలిగా అన్నా," అంది సొలొమోను భార్య.

ఆ పల్లె క్రిస్మస్ నాటకానికి చందర్లపాడు చుట్టుపక్కల గొప్ప పేరు. నందిగామ నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తారు. అందరూ ఎదురుచూసేది ఒకే ఒక్క ఘట్టం కోసం. హేరోదు రాజు బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించే ఘట్టం. యోహాను వేషం సొలొమోనుది, తలారి వేషం ఏసురత్నానిది. యోహాను వేషగాడు నల్లదుప్పటి కప్పుకుని మొద్దు మీద మెడ వాలుస్తాడు. జనానికి కనిపించేది మాత్రం జానెడు ఇవతల పెట్టిన గుమ్మడికాయ. దానికి జనపనార గడ్డం, సవరం. గొడ్డలి కాయ మీద పడగానే ఆడవాళ్ళు కెవ్వుమంటారు, మగవాళ్ళు కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు.

గొడ్డలి ఉత్తుత్తిదేం కాదు. జగ్గయ్యపేటలో పాత ఇనుప సామాను అమ్మేవాడి దగ్గర దొరికిన గండ్రగొడ్డలి. ఏ రాజులనాటిదో, ఎన్ని యుద్ధాలు చూసిందో ఎవరికీ తెలీదు. నెలవంకలాంటి పదునైన వాదర. మనిషి ఛాతీ ఎత్తు కర్ర కామ. పైనుంచి దించుతుంటే సన్నగా ఈల వేస్తుంది.

ఆ ఈల ఏసురత్నానికి ఈమధ్య నిద్రలో కూడా వినిపిస్తోంది. ఉలిక్కిపడి లేచి చెవులు మూసుకుంటున్నాడు. "ఆ పాడుదాన్ని ముట్టుకోవద్దయ్యా, నీకు దణ్ణం పెడతా," అని బయల్దేరేటప్పుడు కూడా భార్య కృపావతి కాళ్ళావేళ్ళా పడింది.

అయినా వచ్చాడు. రాక చస్తాడా! సొలొమోనుతో చేను గట్టు దగ్గర తగువు పడినప్పుడు, "నిన్ను అడ్డంగా నరికేస్తా" అని నలుగురిలో నోరు జారాడు. ఆ మాట పల్లె మర్చిపోలేదు. చెయ్యి తిరిగిన కట్టెలు కొట్టేవాడైనా, ఇప్పుడు ఒక్క ఇంటివాళ్ళూ పిలవడంలేదు. చర్చిలో అతను కూచున్న చాప మీద ఇంకొకరు కూచోరు.

అలాంటిది, జయమణే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. "నాటకం ఈ ఏడూ ఆడాలయ్యగారూ. తలారి ఏసురత్నం అన్నే. కాకపోతే ముందు ఆ చెయ్యి నేను కళ్ళారా చూడాలి," అంది. సంఘమంతా నోరు వెళ్ళబెట్టింది. ఆవిడ సరేనంటే చాలు, ఏసురత్నం పల్లెలో మళ్ళీ తలెత్తుకుని తిరగొచ్చు.

గొడ్డలి ఎత్తాడు. కండువా వైపు చూడకుండా కాయ మీదే చూపు నిలిపి దించాడు.

ఈల. కాయ రెండు చెక్కలైంది.

జయమణి వంగి కండువా అంచు పోగు పోగునా తడిమి చూసింది.

"లైటు కళ్ళల్లో కొడితేనో?" అంది.

పొద్దు వాలుతోంది. ఎర్రటి ఎండకి ఎదురుగా అతన్ని నిలబెట్టింది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. అయినా కాయే పగిలింది.

"చెమటకి చెయ్యి జారితే?"

చెంబుతో నీళ్ళు తెచ్చి కామ మీద ధారగా పోసింది. అతను పట్టు బిగించాడు. మళ్ళీ కాయే.

పాపం, ఎంత భయపడిపోయిందో అనుకున్నాడు ఏసురత్నం. భర్తని అంతలా ప్రేమించే మనిషి. ఆవిడ మీద జాలేసింది. దాంతోపాటు పాత ధీమా కూడా కొద్దికొద్దిగా ఒంట్లోకి వచ్చింది.

ఇంకో కాయ పెట్టింది. ఈసారి జానెడు కాదు, బెత్తెడు ఎడం. గొడ్డలి సగం దారిలో ఉండగా జయమణి అతని చెవి పక్కన కెవ్వున అరిచింది. ఆ కేకకి చర్చి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

ఏసురత్నం చెయ్యి వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు.

చెక్కలైన కాయ చూసి అతనికి నవ్వు ఆగలేదు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

"చూసావా చెల్లెమ్మా! వెలుగు కొట్టనీ, తడవనీ, ఎవరన్నా అరవనీ, నేను ఎక్కడ దించాలనుకుంటే అక్కడే దిగుద్ది. బుద్ధెరిగిన కాణ్ణించీ గొడ్డలి పట్టిన చెయ్యి ఇది."

జయమణి అరటిబోదె మీంచి కండువా విప్పింది. ఒక్క పోగు తెగలేదు. దాన్ని మొహానికి ఆనించుకుంది. ఏసురత్నం మొహమాటంగా చూపు తిప్పుకున్నాడు.

"ఇక నీకు నమ్మకం కుదిరినట్టేనా?" అన్నాడు మెల్లిగా.

"కుదిరిందన్నా. నీ చెయ్యి తప్పేది కాదు."

"అయ్యగారితో ఆ మాట చెప్తావా మరి?"

"చెప్తా. సంఘం మొత్తానికీ చెప్తా," అంది జయమణి, కండువా మడత పెట్టుకుంటూ. "మరి పోయిన క్రిస్మస్ రాత్రి ఆయన మెడ మీద ఎలా పడిందన్నా?"