అరవై నిండని గొంతు

"లేదు బాబాయ్. అరవై నిండాల. నీకు యాభై ఏడే," అంటూ పోటీకి పేర్లు రాసుకుంటున్న జీవానందం రైల్వే గుర్తింపు కార్డు వెనక్కి తోశాడు.

సాల్మన్ రాజు కార్డు అందుకోలేదు. బెంగాలీల ఊరైన లిలువాలో, క్లబ్బు గదిలో ఆ బల్ల ముందు అలాగే నిలబడ్డాడు. గోడ మీద పోస్టరు 'అరవై దాటిన రాక్ గాయకుల పోటీ' అని మూడు భాషల్లో ఊరిస్తోంది. పేర్లిచ్చిన పెద్దమనుషులు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఒకాయన ఆయాసం మందు పీలుస్తున్నాడు. ఇంకొకాయన పళ్లసెట్టు తీసి రుమాలుతో తుడుచుకుంటున్నాడు. వీళ్లకి స్టేజీ ఉంది, తనకి మాత్రం లేదట! రాజుకి ఒళ్లు మండిపోయింది.

"కార్డు సంగతి తరవాత. ముందు నా పాట ఇనరా," అని కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

పాట పైకి వెళ్లింది. ఇంకా పైకి వెళ్లింది. అక్కడికి వెళ్లాక దిగి రావడానికి ఏమీ తొందర పడలేదు. జీర లేదు, వణుకు లేదు. బయట రిక్షావాలా బెల్లు కొట్టడం మానేసి కిటికీలోంచి తొంగి చూశాడు. పళ్లసెట్టాయన అది చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టబోయి, చివరి క్షణంలో ఆగి, "ఆరేక్ బార్, దాదా!" అంటూ బోసినోటితో ఇంకోసారి పాడమని బెంగాలీలో కేక పెట్టాడు.

జీవానందం మాత్రం తల పట్టుకున్నాడు.

"సూశావా బాబాయ్! నీ కేసు నువ్వే పాడుచేసుకున్నావు. అరవై దాటినోడికి ఈ గొంతు ఉంటాదేటి? కుర్రోణ్ణి దొంగదారిన ఎక్కించానని జనం నన్ను తంతారు."

"నాకు అరవై మూడురా!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు రాజు. తెలుగు రైల్వే కార్మికులుండే లైన్లలో పాతకాలం మగవాళ్లు చాలామందికి రెండు పుట్టినరోజులు. ఒకటి దేవుడికి తెలిసింది, ఇంకొకటి రైల్వేకి చెప్పింది. నాలుగేళ్లు ఎక్కువ సర్వీసు వస్తుందని ఉద్యోగంలో చేర్చేటప్పుడు పెద్దవాళ్లు ఉదారంగా వయసు కోసేసేవారు. రాజుకి ఏకంగా ఆరేళ్లు కోశారు. కాగితాల లెక్కన ఇంకా మూడేళ్ల సర్వీసుంది. అసలు లెక్క బయటపడితే రేపే ఇంటికి.

"నోటిమాట సాలదు. రుజువు కావాల," అన్నాడు జీవానందం.

అంతవరకు గుమ్మం పక్కన నిలబడ్డ రాజు భార్య తబితా ముందుకొచ్చింది. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన కుటుంబం బైబిలు తీసింది. ఎందుకైనా మంచిదని పొద్దున్నే సంచిలో పెట్టుకుందట.

"ఇద్దుగో, మా మావగారి సేతిరాత. సదువుకో."

"ఏటే నువ్వు చేస్తన్న పని? నా ఉజ్జోగం..." అని రాజు గొణిగాడు.

"మిమ్మల్ని స్టేజీ మీద సూసి ముప్పై ఏళ్లయింది. వంటింట్లో ఇని ఇని ఇసుగెత్తింది. నోరు మూసుకోండి."

జీవానందానికి తెలుగు చదవడం అంతంతమాత్రం. అందుకని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, వీధి చివరికి వినబడేలా చదివాడు. "సా-ల్మ-న్ రా-జు. పందొమ్మిది వందల నలభై, ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం!"

"నలభయ్యా?" అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో సోమశేఖర్ గారు. పోటీకి జడ్జిగా రమ్మని క్లబ్బువాళ్లు పిలుచుకున్న పెద్దమనిషి. రాజు పనిచేసే వర్క్‌షాపులో సర్వీసు రిజిస్టర్లన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి. ఆయనకి యాభై ఆరు, ఇంకా నాలుగేళ్లు ఈ మనిషిని భరించాలని ఆఫీసంతా ఏడుస్తూ ఉంటుంది. సెలవు చీటీలో తారీఖు కొట్టేసి రాస్తే వెనక్కి పంపే రకం.

ఆయన వచ్చి బైబిలు మీదికి వంగాడు. కళ్లజోడు సవరించుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

"సాల్మన్ రాజు, ఈ తేదీ మీదేనా?"

'మా అన్నది సార్, చిన్నప్పుడే పోతే ఆ పేరే నాకు పెట్టారు,' అనెయ్యొచ్చు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. పక్కనుంచి తబితా చూసిన చూపుకి అది మళ్లీ లోపలికి పోయింది. రాజుకి భయం వేసింది. అయితే ఇందాక పాడిన పాట ఇంకా గుండెల్లో గంతులేస్తోంది, దాన్ని ఇంకో మూడేళ్లు వంటింట్లో కట్టెయ్యడం తన వల్ల కాదనిపించింది.

"నాదే సార్. ఉజ్జోగం తీసేత్తే తీసెయ్యండి. ఒక్కసారి మాత్రం స్టేజీ మీద పాడనిచ్చి తీసెయ్యండి!"

తబితా భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సోమశేఖర్ గారు బైబిలు మూసి, రెండు చేతులతో తబితాకి అందించాడు. వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలో రిక్షావాలాని పొమ్మన్నాడు. తిరిగొచ్చి జీవానందం బల్ల మీదికి వంగి, ఆఫీసులో ఎవరూ ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అడిగాడు.

"జడ్జిగా ఇంకెవరినైనా చూసుకోండి బాబూ. నా జాతకం తెస్తాను, అందులో నాకు అరవై ఒకటి. నా పేరు కూడా రాసుకుంటారా?"