మళ్లీ జామైంది

“సాయంత్రం పెద్ద డాక్టరమ్మ రౌండ్స్‌కొచ్చేసరికి ఈ బాత్రూములోంచి చుక్క నీరు బయటికొచ్చినా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అన్నాడు సూపర్‌వైజరు.

ప్లంబరు ఏదో చెప్పబోయాడు. ఆయన వింటేగా. ప్యాంటు పైకెత్తి పట్టుకుని, వరండాలో నిలిచిన నీళ్లు దాటుకుంటూ వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు బాత్రూము జామవడం ఈ వారంలో ఇది నాలుగోసారి. పైపులు పాతబడ్డాయా అంటే అదీ కాదు. అతను బిగించిన లైను అద్దంలా ఉంటుంది. ఎవరో గుడ్డలు ఉండచుట్టి మరీ కుక్కుతున్నారు. పొరపాటున పడేసినవి కావు, పనిగట్టుకుని చేస్తున్న పని. ఆ సంగతి సూపర్‌వైజరుకి చెబితే, నీ చేతగానితనానికి పేషెంట్లని ఆడిపోసుకోకు అని గడ్డి పెట్టాడు.

నడుం పట్టేసి వంగలేకపోతున్నా ఎలాగో వంగి, పొడవాటి స్ప్రింగు తిప్పి తిప్పి గుడ్డ లాగేశాడు. నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. చెమట తుడుచుకుని బయటికొచ్చాడు గానీ మనసు కుదుటపడలేదు. ఇంట్లో భార్య నిండు నెలలతో ఉంది. ఇప్పుడు ఉద్యోగం పోతే ఏం మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి? సాయంత్రందాకా ఈ లైను పారితే చాలు దేవుడా అనుకున్నాడు.

ఇంతకీ ఎవరై ఉంటారు? కిటికీ పక్క మంచం ఆవిడకి తోడుగా వచ్చిన లావుపాటామె మొన్న కుళాయి దగ్గర తనతో గొడవపడింది. ఇప్పుడు ఆమె చేతిలో మడతపెట్టిన గుడ్డ ఉంది. తీరా చూస్తే అది దిండు గలీబు. హెడ్ నర్సు అటుగా వెళ్తూ ఓరగా చూసింది. ఈవిడేనేమో. వెనక బిల్డింగు ప్లంబరైతే తన బామ్మర్దిని ఇక్కడ పెట్టించాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు. వాడే ఎవరిచేతనో చేయిస్తున్నాడేమో. ఇలా తలుచుకున్నకొద్దీ వార్డులో ప్రతి మొహమూ దొంగమొహంలాగే కనబడసాగింది. కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు.

ఎంత తిరిగినా మగవాడు ఆడవాళ్ల బాత్రూము ముందు ఎంతసేపని నిలబడతాడు? ఇద్దరు పేషెంట్లు అప్పటికే చురచురా చూశారు. చివరికి అత్తగారి దగ్గరకెళ్లాడు. ఆవిడ ఆ వార్డులోనే ఆయా. అల్లుడంటే ఆవిడకి కాస్త చిన్నచూపేనని అతనికో అనుమానం. అయినా ఇప్పుడు అవి చూసుకునే వేళ కాదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. సూపర్‌వైజరు ఏమన్నాడో వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత, ఆ కుక్కినవాళ్ల చేతులు పడిపోను అంటూ అందుకుంది. తలుపుకి ‘వాడరాదు’ అని అట్టముక్క తగిలించింది.

“నువ్వెళ్లి అన్నం తిను బాబూ. నేనున్నాగా.”

అతను కిందికెళ్లి టిఫిన్ డబ్బా మూత తీశాడు. ముద్ద నోటిదాకా వెళ్తేగా. భార్య ఫోన్ చేసి తిన్నావా అనడిగితే తిన్నానన్నాడు. గొంతు అదోలా ఉందేమంటే దుమ్మన్నాడు. ఫోన్ పెట్టేశాక ఇక కూర్చోలేకపోయాడు. డబ్బా అక్కడే వదిలేసి మెట్లెక్కాడు.

బాత్రూము తలుపు ఓరగా ఉంది. లోపల అత్తగారు కొంగు దోపుకుని గొంతుక్కూర్చుంది. మోచేతిదాకా తడి. అయ్యో, ఈ పెద్దావిడ తన కోసం ఎంత అవస్థ పడుతోంది, ఈవిడనా తను అపార్థం చేసుకున్నది అని కళ్లు చెమర్చాయి.

“మళ్లీ పడేశారా అత్తయ్యా? లేవండి, నేను తీస్తా.”

ఆవిడ ఉలిక్కిపడింది. అప్పుడు చూశాడతను. ఆ చేతిలో గుడ్డ ఉండ ఉంది. అది బయటికి రావడంలేదు, లోపలికి వెళ్తోంది.

అతనికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. బకెట్ బోర్లించి దానిమీద కూలబడ్డాడు. గుడ్డకి ఒక తాడు కట్టి ఉంది. రెండో కొస ఆవిడ వేళ్ల మధ్య ఉంది.

“ఈ తాడేమిటి?” అన్నాడు. ఆ సమయంలో ఆ ప్రశ్నే ఎందుకొచ్చిందో అతనికే తెలియదు.

“రాత్రంతా నడుంనొప్పితో మూలిగావట కదా, అమ్మాయి చెప్పింది. ఇది పట్టుకుని లాగితే నీకు తేలిగ్గా వచ్చేస్తుందని.”

“నా మీద మీకు కోపముంటే నాలుగు తిట్టండి, పడతాను. మీ కూతురు నిండు నెలలతో ఉన్నప్పుడా నా పొట్ట కొట్టడం? సూపర్‌వైజరు ఏమన్నాడో చెప్పాక కూడా ఎలా చేతులొచ్చాయి మీకు?”

“నువ్వు చెప్పింది విన్నాక నాకేం పాలుపోలేదు బాబూ. కుక్కకపోయినా తీసేస్తాడు, కుక్కినా తీసేస్తాడు.” ఆవిడ తడిచేత్తోనే కళ్లు తుడుచుకుంది. “పోయినవారం ఆయన గది తుడుస్తుంటే విన్నాను. ఈ బిల్డింగులో రెండు నెలలుగా ఒక్క కంప్లయింటూ లేదు, ఇంక ప్లంబరెందుకు దండగ, మానిపించేద్దాం అంటున్నాడు.”