నలభై ఎనిమిది గంటలు

"ఈరోజన్నా పంపిస్తారా మేడం? జ్యోతి లేక ఇల్లు బోసిపోయింది."

గేటు బయట రమేశ్. నర్సు అంబికను చూడగానే సిగరెట్టు కింద పడేసి, మర్యాదగా నిలబడ్డాడు. రెండో చేతిలో మల్లెపూల పొట్లం. అతని భార్య జ్యోతి లోపల ఆయా.

"సాయంత్రానికి పంపిస్తాలే అప్పా," అంది అంబిక. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అనుకుంది.

వర్తూరులోని ఆ వృద్ధాశ్రమాన్ని కడుపు వైరస్ పట్టుకుని పది రోజులైంది. వాంతులు, విరేచనాలు. నలభై ఎనిమిది గంటల పాటు కొత్తగా ఎవరికీ రాకపోతేనే గేటు తెరవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటిదాకా పనివాళ్లు కూడా లోపలే. అంబిక తన కూతుర్ని చూసి కూడా పది రోజులైంది. బోర్డు మీద లెక్క నలభై రెండు గంటలకు వచ్చింది.

అంతలో ఆశ్రమంలో ఉండే ముసలామె భాగీరథమ్మ గదిలో గంట మోగింది. కిందటి రెండుసార్లూ ఇంతే, సరిగ్గా గేటు తెరిచే రోజునే ఆమెకు వాంతి. అంబికకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె వెళ్లేసరికి జ్యోతి దుప్పటి తీసేసి, నేలంతా బ్లీచింగ్ నీళ్లతో తుడుస్తోంది. పొడుగు చేతుల కోటు మణికట్ల దాకా తడిసిపోయింది.

"కోటు మడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడగమని ఎన్నిసార్లు చెప్పాల? శానిటైజరుకు ఈ వైరస్ చావదు."

"కడుగుతా అక్కా." తలెత్తకుండానే అని, బక్కెట్టు తీసుకుని జ్యోతి బయటికి పోయింది.

గదిలో వాంతి పులిసిన వాసన లేదు. మంచం కింద ఖాళీ గ్లాసు, దాని అంచుకు అంటుకున్న గంజి కనిపించాయి.

"అవ్వా, ఇది వాంతి కాదు. గంజి ఒలకబోసినావు."

భాగీరథమ్మ బుకాయించలేదు. "అవునమ్మా."

"నా బిడ్డ రోజూ ఫోనులో ఏడస్తా ఉండాది. నీకేం పాపం చేసినాం?"

ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ ఉసురు నాకే తగలనీ. నాకు నీళ్లు పోసేటప్పుడు తప్ప జ్యోతి ఆ కోటు చేతులు మడవదు. గేటు తీసే ముందు నువ్వూ ఒకసారి చూడు తల్లీ."

అంబిక కొళాయి దగ్గరికి నడిచింది. ఎవరూ లేరనుకుని జ్యోతి కోటు చేతులు పైకి మడిచి, సబ్బు రుద్దుకుంటోంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా సిగరెట్టుతో కాల్చిన మచ్చలు.