నలభై ఏడో నంబరు

రంగు డబ్బా పట్టుకుని వీధిలోకి వచ్చిన బక్కపలచటి మనిషి, బాదం చెట్టు మొదలు మీద తెల్లగా "47" అని రాశాడు.

చెట్టు కింద బట్టలు ఇస్త్రీ చేస్తున్నతను పెట్టె పక్కన పడేసి లేచాడు. పదిహేనేళ్లుగా ఆ నీడే అతని దుకాణం. రోడ్డు వెడల్పు చేస్తారని వారం నుంచి ఒకటే పుకారు.

"మాస్టారూ! మన చెట్టు కొట్టేయడానికి నంబరేస్తున్నారండోయ్!"

ఎదురింటి సైన్సు మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. రిటైరయ్యాక పాఠం చెప్పే అవకాశం దొరక్క నోరు దురద పెడుతోంది, పాపం.

"ఏమయ్యా, చెట్టంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసండీ. నేనొచ్చిందే..."

"మధ్యలో మాట్లాడకు! చెట్టంటే ఊపిరి. చెట్టంటే చలవ. వేరు మట్టిని పట్టుకుంటుంది, ఆకు..."

పాఠం నలభై నిమిషాలు సాగింది. రంగు మనిషి బుద్ధిగా విన్నాడు. రెండు మూడు చోట్ల మెచ్చుకోలుగా తల కూడా ఊపాడు.

"అయ్యా, ఒక్క మాట. రేపు పొద్దున్నే..."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు! ఫో!"

ఇస్త్రీ అతను డబ్బా లాక్కుని రంగంతా మురిక్కాలవలో పారబోశాడు.

"ఇంకోసారి మా చెట్టు జోలికొచ్చావంటే నిన్నే ఇస్త్రీ చేసేస్తా!"

ఆ మనిషి ఖాళీ డబ్బా తీసుకుని, చెట్టును ఒకసారి తడిమి వెళ్లిపోయాడు.

వీధి వీధంతా కిరసనాయిలు, పాత గుడ్డలు తెచ్చి నంబరును ఆనవాలు లేకుండా తుడిచేసింది.

"చూశారా, నాలుగు ముక్కలు చదువుకుంటే ఎంత ఉపయోగమో!" అన్నాడు మాస్టారు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ అతను బండి తోసుకుని వచ్చేసరికి చెట్టు నేల మీద ఉంది. రంపాలవాళ్లు కొమ్మలు లారీకెత్తుతున్నారు.

"అన్యాయం! నంబరు చెరిపేశాం కదయ్యా, ఎలా కొట్టారు?" ఇస్త్రీ అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"చెరిపింది మీరేనా?" రంపం మేస్త్రీ తల పట్టుకుని పక్క వీధికేసి చూపించాడు.

అక్కడ ఒకటి నుంచి నలభై ఆరు దాకా చెట్లన్నీ పచ్చగా నిలబడి ఉన్నాయి, ఒంటి మీద నంబర్లతో.

గొడవ విని బయటికొచ్చిన మాస్టారు ఆ నంబర్లను ఒక్కొక్కటే చదివాడు.

"నంబరున్న చెట్టును ముట్టుకోవద్దని మాకు ఆర్డరు బాబాయ్. ఎవరో బక్కాయన ఏడాదిపాటు ఆఫీసు మెట్లెక్కి దిగి ఆ ఆర్డరు సాధించి, సొంత రంగుతో ఒక్కో చెట్టునే కాపాడుకుంటూ వస్తున్నాడు."